రెండో అంకె

విజయనగరం.

చిరంజీవి హారికకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రసంగం ఫోన్లో చదవలేక, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని మరీ చదివాను. బాగా రాశావు. "రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలి" అన్నది అంశం, నీకు అనుకూల పక్షం పడింది. నేను ఆ పక్షం కాదు, ముందే చెప్పేస్తున్నాను. అయినా ఉద్యోగమంతా అసెంబ్లీ ఆఫీసులో చేసినవాణ్ణి, ఆ ఎన్నిక కాగితాలు చేత్తో పట్టుకున్నవాణ్ణి. నీ ప్రసంగం ఎక్కడ కొట్టుకుపోతుందో తెలిసి ఊరుకోలేను కదా.

ముందు రెండో పేజీ సంగతి చూద్దాం. "సిక్కిం ఎమ్మెల్యే ఓటు విలువ 7, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208. ఇదేనా సమానత్వం?" అని అడిగావు. హాల్లో చప్పట్లు మోగుతాయి, నిజమే. ఆ చప్పట్లు ఆగకముందే అవతలి పక్షంలో లెక్కలొచ్చిన పిల్ల ఒకతె లేచి నిన్ను కూర్చోబెడుతుంది. ఆ పేరా కొట్టెయ్.

ఎందుకంటే ఆ 7 ఎక్కడినుంచి వచ్చిందో చూడు. 1971 లెక్కల్లో సిక్కిం జనాభా 2,09,843. ఎమ్మెల్యేలు 32 మంది. భాగిస్తే ఒక్కొక్కరికి 6,557 మంది. దాన్ని వెయ్యితో భాగించి, మిగిలింది 500కు తగ్గకపోతే ఒకటి కలుపుతారు. అలా 7. ఉత్తరప్రదేశ్‌కు 8 కోట్ల 38 లక్షల జనాభా, 403 మంది ఎమ్మెల్యేలు. అదే లెక్క వేస్తే 208. మన ఆంధ్రకు 2 కోట్ల 78 లక్షలు, 175 మంది, అంటే 159. తెలంగాణకు కోటి 57 లక్షలు, 119 మంది, అంటే 132. ఎక్కడ చూసినా వెయ్యిమంది జనానికి ఒక ఓటు అన్నమాట. ఎమ్మెల్యేల మధ్య తేడా ఉంది గానీ, వాళ్ల వెనక ఉన్న మనుషుల మధ్య లేదు. రాజ్యాంగం 55వ అధికరణం కోరింది ఇదే. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఉమ్మడి రాష్ట్రానికి 294 మంది, ఒక్కొక్కరి ఓటు 148. ఇంటి నంబరులా గుర్తుండిపోయింది ఆ 148.

ఎంపీల ఓటు కూడా అలా లెక్క కట్టిందే. రాష్ట్రాల ఎమ్మెల్యేల ఓట్ల విలువంతా కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తారు. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700 వచ్చింది. దాంతో రాష్ట్రాలన్నీ కలిసి సగం, పార్లమెంటు సగం. జమ్మూ కశ్మీర్‌కు అప్పుడు అసెంబ్లీ లేదు గనక అక్కడి ఎమ్మెల్యేల ఓట్లు లెక్కలోకే రాలేదు. అంతకుముందు 2017లో ఎంపీ ఓటు 708 ఉండేది. అసెంబ్లీ లేకపోతే అక్కడి జనం రాష్ట్రాల ఓట్లలో లేనట్టే అన్న పాయింటు నువ్వు వాడుకోవచ్చు. నీ కాగితంలో అది లేదు. సిక్కిం తీసేసిన చోట అది పెట్టు.

నిజంగా అన్యాయమైన లెక్క కావాలంటే అమెరికాలో దొరుకుతుంది. అక్కడ ప్రతి రాష్ట్రానికీ ప్రతినిధుల సభ సీట్లు ఎన్నో అన్ని ఎలక్టోరల్ ఓట్లిచ్చి, సెనేటర్ల పేరుతో ఇంకో రెండు కలుపుతారు. ఆ రెండూ చిన్న రాష్ట్రాలకు పండగ. 2020 లెక్కల్లో వయోమింగ్ జనాభా 5 లక్షల 77 వేలు, ఓట్లు 3. కాలిఫోర్నియాకు దాదాపు 3 కోట్ల 95 లక్షలు, ఓట్లు 54. లెక్క వేసి చూడు, వయోమింగ్‌లో ఒక ఓటు వెనక 2 లక్షల మంది కూడా లేరు, కాలిఫోర్నియాలో 7 లక్షల పైచిలుకు ఉన్నారు. దీనికన్నా పెద్ద తంటా ఇంకోటుంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఓట్లన్నీ ఒకరికే. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో మొత్తం దేశం బుష్‌గారిదైపోయింది. దేశమంతా కూడితే అల్ గోర్‌కే 5 లక్షల పైన ఎక్కువ. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా గెలిచింది ట్రంప్. మీ బాబాయి న్యూజెర్సీలో ఓటేస్తాడు కదా, అడుగు. నది దాటితే పెన్సిల్వేనియా. అభ్యర్థులు అక్కడ ఇల్లిల్లూ తిరుగుతారు, ఇటువైపు విరాళాల విందులకు వస్తారు. ఫలితం ముందే తెలిసిన రాష్ట్రంలో నా ఓటు ఎవడిక్కావాలి నాన్నా అంటాడు వాడు.

ఇక అసలు చిల్లు. నువ్వు దాని పక్కనుంచే వెళ్లి చూడలేదు. మన భాగహారంలో పైన వేసే జనాభా 1971 నాటిది! అప్పటికి మీ నాన్న కూడా పుట్టలేదు. 1976లో 42వ సవరణతో అంకెను అక్కడ ఆపేశారు. 2000 తర్వాత మారుస్తామన్నారు. ఆ గడువు వచ్చేసరికి 84వ సవరణ చేసి, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు అందుకు శిక్ష అనుభవించకూడదన్నది కారణం. కారణంలో న్యాయం ఉంది, కాదనను.

2011 అంకెలతో వేసి చూశాను. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 208 నుంచి 496 అవుతుంది. కేరళది 152 నుంచి 239. అంటే వాళ్లు రెండున్నర రెట్లకు దగ్గరగా పెరిగారు, వీళ్లు ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం. మన రెండు రాష్ట్రాల సంగతి ఇంకా తమాషా. ఇప్పుడు ఆంధ్ర 159, తెలంగాణ 132 కదా. 2011 జనాభా వేస్తే తెలంగాణ ఎమ్మెల్యే ఓటు ఆంధ్ర ఎమ్మెల్యే ఓటును దాటిపోతుంది. ఈ మధ్యకాలంలో హైదరాబాద్ అంతలా పెరిగింది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుదెరువుకు పోయి అక్కడే ఇళ్లు కట్టుకున్నవాళ్లు రాష్ట్రపతి లెక్కలో మాత్రం ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

నీకు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది, జాగ్రత్తగా విను. నేరుగా ఎన్నిక పెట్టావంటే ఆ 1971 కట్టుబాటు ఎవరూ ఎత్తెయ్యకుండానే పోతుంది. ఓటరు జాబితాలో ఎంతమంది ఉంటే అన్ని ఓట్లు, అంతే. హాల్లో కూర్చునేది విశాఖపట్నం పిల్లలు. "మేం ఇద్దరితో సరిపెట్టుకున్నందుకు మా రాష్ట్రం బరువు తగ్గాలా?" అని ఒకడు లేచి అడుగుతాడు. జవాబు సిద్ధంగా లేకపోతే నీ పని అయిపోయినట్టే.

నా జవాబు చెప్తాను, నచ్చితే వాడుకో. ఇప్పటి లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి రాష్ట్రాల ఓట్లలో నూటికి 8 వంతులున్నాయి. 2011 జనాభా ప్రకారం అయితే 7 వంతులు. పోయేది ఒక వంతు. లోక్‌సభ సీట్ల దగ్గరైతే నేనూ గొడవపడతాను. అక్కడ నిధులున్నాయి, మంత్రులున్నారు, రైల్వే లైన్లున్నాయి. రాష్ట్రపతి ఎవరికీ రైలు వెయ్యరు. ఆ ఒక్క కుర్చీ విషయంలో తలకాయకు తలకాయే లెక్క అంటాను. ఈ మాట అన్నందుకు మా వీధి చివర రిటైర్డ్ తహసీల్దారుగారు కొన్నాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. కాఫీ కోసం మళ్లీ ఆయనే వచ్చారనుకో.

ఇప్పుడు నీ ప్రసంగంలో అసలు కనిపించనిది. ఈ ఎన్నికలో అంత బాగున్నది మరోటి లేదు. రాష్ట్రపతి ఓటు మీద టిక్కు పెట్టరు, ముద్ర వెయ్యరు. అంకెలు వేస్తారు. నా మొదటి ఎంపిక ఫలానా, 1. ఆయన కాకపోతే ఫలానా, 2. చెల్లిన ఓట్లలో సగానికి పైన ఒక్కటైనా ఎక్కువ వచ్చినవాళ్లే గెలిచినట్టు. ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నవాళ్లను తప్పించి, వాళ్ల కాగితాలమీద 2 ఎవరికుంటే వాళ్లకు కలుపుతారు. రూళ్లు చదివితే ఇంకో ముచ్చట ఉంది. అంకె ఏ భారతీయ భాష లిపిలో అయినా వెయ్యొచ్చు. మనవాళ్లు ౧ అని వేసినా చెల్లుతుంది. అక్షరాల్లో "ఒకటి" అని రాస్తే మాత్రం చెల్లదు. ఒక ఎన్నికకు ముందు పెద్దాయన ఒకాయన, ఎమ్మెల్యేగా చాలా సీనియర్, మా సెక్షన్‌కు వచ్చి గులాబీ కాగితం నమూనా చూసి, "అంకె మరీ చిన్నగా కనిపిస్తోందయ్యా, అక్షరాల్లో రాస్తే గౌరవంగా ఉంటుంది కదా" అన్నారు. గౌరవంగానే ఉంటుందండీ, ఓటే ఉండదు అన్నాం. ఎంపీలకు ఆకుపచ్చ కాగితం, ఎమ్మెల్యేలకు గులాబీ. పార్టీ గుర్తుండదు, విప్ వర్తించదు, ఓటు రహస్యం. ఈ మధ్య ఊదా సిరా పెన్ను కూడా ఎన్నికల సంఘమే ఇస్తోంది, సొంత పెన్నుతో రాస్తే చెల్లదు. పెట్టె ఢిల్లీకి విమానంలో పోతుంది. 2022లో ఆ పెట్టెకు సీటు కొని, టిక్కెట్టు మీద "మిస్టర్ బ్యాలట్ బాక్స్" అని పేరు వేయించారు. ఇది చెప్పు, నవ్వుతారు.

ఈ రెండో అంకె దమ్ము 1969లో చూశాం. మే నెలలో జాకీర్ హుస్సేన్‌గారు పోయారు. అంతకు రెండేళ్ల ముందు ఆయన మీద పోటీ చేసి ఓడింది రాజమండ్రి ఆయన కోకా సుబ్బారావుగారు, చీఫ్ జస్టిస్ పదవి వదులుకుని మరీ నిలబడ్డారు. ఈసారి బరిలో అంతా మనవాళ్లే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. ఎదురు నిలబడింది బరంపురంలో పుట్టిన తెలుగాయన వి.వి.గిరి. మూడో ఆయన చింతామన్ దేశ్‌ముఖ్, మన దుర్గాబాయిగారి భర్త, అంటే రాజమండ్రి అల్లుడు. సంజీవరెడ్డి నామినేషన్ మీద ఇందిరాగాంధీయే సంతకం పెట్టి, ఆనక అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు.

మా నాన్న పలాసలో రైల్వే ఉద్యోగి. గిరిగారు రైల్వే కార్మికుల నాయకుడు గనక నాన్నకు దేవుడి తర్వాత దేవుడు. మా మేనమామ అనంతపురంలో టీచరు, సంజీవరెడ్డి మనిషి. శ్రావణమాసం పెళ్లికని వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఆగస్టు 20న లెక్కింపు. వార్తల టైమైతే చాలు, రేడియో అటూ ఇటూ ఇద్దరూ కూర్చునేవాళ్లు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలిచాం అన్నాడు నాన్న. సగం దాటలేదు బావా, కూర్చో అన్నాడు మావయ్య. కావలసింది 4,18,169. తక్కినవాళ్లనూ చివరికి దేశ్‌ముఖ్‌నూ తప్పించి వాళ్ల రెండో అంకెలు పంచారు. జనసంఘ్, స్వతంత్ర పార్టీల ఓట్లు అవి. ఎక్కువ భాగం సంజీవరెడ్డికే పోయాయి. ఆయనకు 91 వేల పైన కలిస్తే గిరికి కలిసింది 18 వేల పైచిలుకే. అయినా గిరి 4,20,077 దగ్గర గీత దాటారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. గీత మీద మిగులు 1,908. మావయ్య ఆ పూట అన్నం తినలేదని మా అమ్మ ఎన్నేళ్లో చెప్పుకుంది. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరించి సంజీవరెడ్డిని ఏకగ్రీవంగా ప్రకటించినప్పుడు నాన్నకు మావయ్య కార్డు ముక్క రాశాడు. "మీ ఆయనకు రెండు రౌండ్లు పట్టింది, మావాడికి ఒక్కటీ అక్కర్లేదు" అని.

గిరి గెలుపు మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. రాష్ట్రపతి పదవిలో ఉండి ఆయనే కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. కేసు 1970లో కొట్టేశారు. అందులోకి దిగకు, నీకు టైము సరిపోదు.

గిరి కుర్రతనంలో న్యాయశాస్త్రం చదివింది డబ్లిన్‌లో. ఆ ఐర్లండ్ తన అధ్యక్షుణ్ణి ప్రజల చేతే నేరుగా ఎన్నుకుంటుంది, మన ఎమ్మెల్యేలు వేసినట్టే 1, 2, 3 అంకెలు వేయించి. మన రాష్ట్రపతిలాగే ఆయన కుర్చీకీ అధికారాలు దాదాపు లేవు. 1990 ఎన్నికలో లెనిహాన్‌కు మొదటి లెక్కలో నూటికి 44 వచ్చాయి, మేరీ రాబిన్సన్‌కు 39. మన అసెంబ్లీ ఎన్నికైతే అక్కడితో సరి. కానీ మూడో అభ్యర్థి ఓట్లు పంచేసరికి రాబిన్సన్ దాదాపు 52కు చేరి గెలిచారు. దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలు. నీ పక్షానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఎందుకంటే అవతలివాళ్లు తప్పకుండా రాజ్యాంగ సభను పట్టుకొస్తారు. 1948 డిసెంబరులో కె.టి.షా నేరుగా ఎన్నిక కావాలని సవరణ పెట్టారు, అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఇంతమంది ఓటర్లతో అదెలా జరుపుతామన్నది ఒక కారణం. అంతకుముందే నెహ్రూ, అధికారం మంత్రివర్గానిది అయినప్పుడు రాష్ట్రపతిని మాత్రం దేశమంతా కలిసి ఎన్నుకోవడం పొసగదు అన్నారు. ఐర్లండ్ పొసిగించి చూపించింది కదా అని నువ్వు అడగాలి.

అడిగాక తయారుగా ఉండు, ఎందుకంటే నేను అవతలి పక్షంలో కూర్చుంటే వెంటనే ఇలా అంటాను. ఐర్లండ్ ఓటర్లు ఎంతమంది, మనం ఎంతమంది? 2024లో మన జాబితాలో దాదాపు 97 కోట్ల మంది. మన ఈవీఎంలో 1, 2, 3 వెయ్యడానికి చోటు లేదు, ఒక్క మీట నొక్కడమే. అంకెలు కావాలంటే కాగితం కావాలి. మీకు తెలిసిందే కదా, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. దుప్పటంత బ్యాలట్, రోజుల తరబడి లెక్కింపు, రెండో ప్రాధాన్యం దాకా పోతే కౌంటింగ్ సిబ్బందికి నిద్ర ఉండదు. డిగ్రీలున్నవాళ్లే ఓటర్లు, చెల్లని ఓట్లు వేలల్లో. టిక్కు పెట్టినవాళ్లు, సంతకం చేసినవాళ్లు, జై అని రాసినవాళ్లు. అంకె వెయ్యడం అలవాటు లేకపోతే చట్టంలో ఎంత మంచి పద్ధతి ఉన్నా దండగే. శ్రీలంకలో ఈ అంకెల చట్టం మొదట్నుంచీ ఉంది. 2024 అధ్యక్ష ఎన్నికలో దిస్సనాయకకు నూటికి 42 వచ్చి సగం దాటకపోవడంతో అక్కడ మొట్టమొదటిసారి రెండో లెక్కింపు జరిగింది. పోటీలోంచి తప్పించినవాళ్ల ఓట్లు 33 లక్షలు. వాటిలో రెండో మూడో అంకెగా లెక్కకు పనికొచ్చినవి 3 లక్షలు కూడా లేవు. జనం ఒకటి వేసి కాగితం మడిచేశారు.

అదీ నా అభ్యంతరం. రాష్ట్రపతికి ఎన్ని అధికారాలున్నాయన్నది తర్వాత సంగతి. నేరుగా ఎన్నిక పేరుతో మీట నొక్కుడు పెడితే మన దేశంలో ఉన్న ఒక్క మంచి లెక్కింపు పద్ధతిని మనమే పోగొట్టుకుంటాం. నూటికి 34 వచ్చినవాడు రాష్ట్రపతి అవుతాడు. మిగిలిన 66 మందికి వాడంటే పడకపోయినా సరే. నేరుగానా, ప్రతినిధుల ద్వారానా అని వాదించుకుంటూ ఓటు కాగితం మీద ఏం రాస్తారో, దాన్ని ఎలా లెక్కిస్తారో ఎవరూ అడగరు. న్యాయం తేలేది అక్కడే కదా తల్లీ.

దీనికి నీ దగ్గర ఒక జవాబుంది, ఫ్రాన్స్. రెండు విడతలు. మొదటి విడతలో ఎవరికీ సగం రాకపోతే పైనున్న ఇద్దరితో రెండో విడత. మీట నొక్కే యంత్రంతోనూ నడుస్తుంది. లోపం ఏమిటంటే 2002లో అక్కడ పదహారుమంది నిలబడ్డారు. వామపక్షం ఓట్లు చీలి ప్రధానమంత్రి జోస్పాఁ 16.2 దగ్గర ఆగిపోయాడు, తీవ్ర మితవాది లె పెన్ 16.9తో పైకొచ్చాడు. ఒక్క శాతం లోపు తేడా. రెండో విడతలో వామపక్షంవాళ్లు ముక్కు మూసుకుని షిరాక్‌కు ఓటేస్తే ఆయన 82 శాతంతో గెలిచాడు. అదే రెండో అంకె ఉండుంటే జోస్పాఁ పోటీలో ఉండేవాడేమో. ఇది నువ్వై చెప్పకు, అవతలివాళ్లు చెప్తే ఒప్పుకుని, "34 శాతంతో గెలిచేదానికన్నా ఇది మెరుగు కాదా" అని అడుగు.

నీ చివరి పేజీలో "ప్రజలెన్నుకున్న రాష్ట్రపతి రబ్బరు స్టాంపు కాడు" అని పెద్దక్షరాల్లో రాశావు. 1975లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టారు, నిజం. 1986లో జైల్ సింగ్ పోస్టాఫీసు బిల్లు మీద సంతకం పెట్టకుండా ఆపేశారు, అదీ నిజం. ఇద్దర్నీ ఎన్నుకుంది ఒకే పద్ధతిలో, ఒకే పార్టీ ఆధిక్యంతో. కాబట్టి ఆ వాక్యం నిలవదు. పైగా అవతలివాళ్ల బలమైన భయం అక్కడే ఉంది. ముప్పై కోట్ల ఓట్లతో గెలిచిన రాష్ట్రపతి, తన నియోజకవర్గంలో ఆరేడు లక్షల ఓట్లతో గెలిచిన ప్రధానమంత్రి చెప్పినట్టు వింటాడా? బ్యాంకుల జాతీయం ఆర్డినెన్స్ వచ్చింది 1969 జులై 19న. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరి దానిమీద సంతకం పెట్టి, మర్నాడు పోటీ కోసం పదవి వదిలేశారు. ఆ కాగితం దేశమంతా ఓట్లేసి గెలిపించిన ఇంకో మనిషి బల్ల మీద పడి, ఆయనకు బ్యాంకుల మీద వేరే అభిప్రాయం ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. 74వ అధికరణం మంత్రివర్గం సలహా పాటించాలనే అంటుంది. అది కాగితం మీద మాట, ముప్పై కోట్ల ఓట్లు వీధిలో మాట. నాకైతే దీనికి మంచి జవాబు నీ వైపునుంచి కనిపించలేదు. నీకు దొరికితే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

అమెరికా ముక్క ఎక్కువ లాగొద్దు, కానీ ఒకటి మాత్రం వేసుకో. మనకు గిరి గెలిచిన మరుసటి నెలలోనే, 1969 సెప్టెంబరులో, వాళ్ల ప్రతినిధుల సభ ఎలక్టోరల్ కాలేజీని ఎత్తేసి నేరుగా ఎన్నిక పెట్టే సవరణను 338-70తో ఆమోదించింది. సెనేట్‌లో కొందరు చర్చ పేరుతో సాగదీసి చంపేశారు. ఇన్నేళ్లయినా ఆ ఊసు అంత దూరం రాలేదు. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు దేశమంతటిలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకే మా ఎలక్టోరల్ ఓట్లు వేస్తాం అని ఒప్పందం రాసుకున్నాయి. 270 ఓట్లకు సరిపడా రాష్ట్రాలు చేరితేనే అది అమల్లోకొస్తుంది, 200 దాటాక నత్తనడక పట్టింది. చేరినవన్నీ డెమోక్రాట్ల వైపు మొగ్గే రాష్ట్రాలు. 2000లో, 2016లో దెబ్బ తిన్నది వాళ్లు గనక ఇది వాళ్ల కుట్ర అంటారు రెండోవాళ్లు. ఎవరికి లాభమో తెలిసిపోయాక పద్ధతి మార్చడం ఎంత కష్టమో చూడు.

కాబట్టి నీ పోటీ సంగతి. ముగ్గురు జడ్జీలు అన్నావు. ముగ్గురి మార్కులూ కూడి విజేతను చెప్తారా, ఒక్కొక్కరూ ఇచ్చే ర్యాంకులు కూడతారా? రెండూ ఒకటి కాదు. మార్కులు కూడితే ఇద్దరు జడ్జీలు నిన్ను మొదట పెట్టినా, మూడో ఆయన వేరొకరికి తొంభై ఐదు, నీకు యాభై వేస్తే నువ్వు పోయినట్టే. ర్యాంకులైతే ఎంత కోపమొచ్చినా ఆయన నిన్ను తన వరసలో చివరికే దింపగలడు, అంతకు మించి కాదు. పేర్లు పిలవకముందే నిర్వాహకుల్ని అడిగి కాగితం మీద రాయించుకో. ఫలితం వచ్చాక అడిగితే ఓడిపోయి ఏడుస్తోంది అంటారు. రాత్రి బస్సులో వద్దు, పొద్దున రైలుకే రా. నాన్నమ్మ సున్నుండలు చేస్తోంది.

ఆశీస్సులతో,
తాతయ్య